గోడకు మూరెడు దూరం

తలుపు తీసేసరికి ఎదురుగా ఒక అమ్మాయి. చేతిలో స్టీలు పళ్ళెం, అందులో తెల్లటి పూసలు. వెనకాల వాళ్ళమ్మ తాహెరా.

"లోపల ఏం నడుస్తాంది?" అంది అమ్మాయి.

"పాట," అన్నాడు అదీబ్.

"మీకు పాట. మా దిక్కు గోడ దుంకుతాంది."

అదీబ్ మేడ్చల్‌లో ఒక మందుల కంపెనీ ప్యాకింగ్‌లో సూపర్‌వైజర్. 2012 వానాకాలంలో గండయ్య ఇంట్లో ఒంటిగది పోర్షన్ తీసుకున్నాడు. ఒక్క గదిని సన్నటి గోడతో చీల్చి రెండు పోర్షన్లని చెప్పుకునే తెలివి దేవుడు ఇంటి ఓనర్లకే ఇచ్చాడు. ఆ గోడలోకి దిగేసిన సిమెంటు షెల్ఫ్ మీద అదీబ్ తన రెండు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు పెట్టాడు. పుస్తకాల మధ్య ఇమిడేంత చిన్నవి. పేరే అది కాబట్టి వాటి చోటూ అదే అనుకున్నాడు.

అవతలి పోర్షన్ అమీర్ అలీది. పళ్ళెంతో వచ్చిన అమ్మాయి ఆయన కూతురు నిఖత్. మగ్గం పని చేస్తుంది. ఇన్నాళ్ళూ ఆమె కుడితే షాపువాళ్ళకు పేరొచ్చింది. ఇప్పుడు మొదటిసారి ఒక పెళ్ళికూతురి జాకెట్ నేరుగా ఆమె చేతికే వచ్చింది. శుక్రవారానికి ఇవ్వాలి. పూసల వరస వంకరపోతే పేరు పుట్టకముందే పోతుంది.

అదీబ్ సౌండ్ తగ్గించాడు. మర్నాడు సాయంత్రం, జల్లులో సగం తడిసి, ఆమె మళ్ళీ వచ్చింది.

"తగ్గించిన గదా. ఇంకా ఇనబడుతాందా?"

"చెవికి కాదు, చేతికొస్తాంది. డోలు మోగినప్పుడల్లా సూది పక్కకు పోతాంది."

"నా స్పీకర్ల దమ్ము అట్లుంటది," అన్నాడు కాలరు సర్దుకుంటూ.

"దమ్ము పాటల ఉండాలె. గోడల కాదు."

చప్పుడు మింగేస్తాయని కంపెనీలో ఎవరో చెబితే అదీబ్ గోడ నిండా గుడ్ల ట్రేలు అంటించాడు. నిఖత్ గుమ్మంలోంచే చూసింది.

"శామీర్‌పేట దిక్కున్న కోళ్ళ ఫారాలు సాలక, ఈడ ఒకటి పెట్టిన్రా?"

వెనకే వచ్చిన తాహెరా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అదీబ్ మొహం మాడిపోయింది.

"సరే. శుక్రవారం దాకా బంద్ జేస్త."

"బంద్ జేయమని నేనన్ననా? పాట ఉంటే నాకూ పని సాగుతది. గోడ కదలొద్దు, గంతే. ఒకలు దయ తలిస్తే కుట్టుకునేదాన్ని కాదు నేను."

ఆ మాట అతనికి గుచ్చుకుంది, నచ్చింది కూడా. పాట ఆపకుండానే వాళ్ళింట్లోకి వెళ్ళి గోడకు అరచెయ్యి ఆనించాడు. డోలు చేతిలోకి వచ్చింది. దెబ్బ సిమెంటు పలకలోంచి గోడలోకి, గోడలోంచి దానికి ఆనించిన మగ్గంలోకి పాకుతోంది. గుడ్ల ట్రేలు ఏం చేస్తాయి?

స్పీకర్లు దించాడు. గోడకు మూరెడు దూరంలో రెండు స్టూళ్ళు వేసి, కూర్చుంటే చెవుల ఎత్తుకు వచ్చేలా పెట్టి, కాస్త లోపలికి తిప్పాడు. అయినా అవతల పళ్ళెంలో పూసలు కొద్దిగా వణికాయి. దెబ్బ ఇప్పుడు స్టూళ్ళ కాళ్ళలోంచి నేలలోకి దిగుతోంది.

"కుండను వట్టి నేల మీద పెడ్తరా ఎవరన్నా?" అంది నిఖత్. గుడ్డ పేలికలు మెలిపెట్టి, కుండ కింద పెట్టే చుట్టల్లాంటివి రెండు చుట్టి తెచ్చింది.

"నా స్పీకర్ల కింద పాత గుడ్డలా?"

"పాతయి గావు. పెండ్లి పట్టు ముక్కలు. ఇష్టం లేకుంటే ఇటియ్యి."

అతను ఇవ్వలేదు. స్పీకర్లు చుట్టల మీద మెత్తగా కూర్చున్నాయి. పాట మొదలైంది. ఇన్నాళ్ళూ ఉబ్బరంగా మోగిన గొంతు విడివడి, గది మధ్యలో మనిషి నిలబడి పాడినట్టు వచ్చింది.

"ఇంక పెంచు," అంది అవతల నుంచి నిఖత్. పెంచాడు. "ఇంక."

పూస కదలలేదు.

శుక్రవారం ఆమె జాకెట్ తీసుకుని, తల్లిని వెంటబెట్టుకుని బహదూర్‌పల్లి తానే వెళ్ళింది. పెళ్ళివాళ్ళు దాన్ని తిరగేసి మరగేసి చూసి, ఏ షాపులో చేయించావని అడిగారు.

"షాపు గాదు. నేనే," అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మెడ ఎంత నిటారుగా ఉందో తాహెరా వీధంతా చెప్పింది.

ఆదివారం అమీర్ అలీ అదీబ్ గదికి వచ్చాడు. చాప మీద కూర్చుని ఒక పాట పూర్తిగా విన్నాడు.

"మస్తుగుంది. మంచమేది?"

"స్టూళ్ళకు జాగ సాలలేదు చాచా. తీసేసిన."

"రేపు పెండ్లయితే ఏం జేస్తవ్?"

అదీబ్ చాప అంచు సరిచేశాడు. "మీరు, నిఖత్ ఒప్పుకుంటే... స్పీకర్లే తీసేస్త."

"తీసుడేం లేదు," గుమ్మంలోంచి నిఖత్ అంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. "రెండు రూములది జూడు. ఒకదాంట్ల నా మగ్గం, ఒకదాంట్ల నీ పాట."

"మరి మనుషులో?" అన్నాడు అమీర్ అలీ.

ఆయన జవాబు కోసం ఆగలేదు. మీసం దువ్వుకుని, గొంతైనా పెంచకుండా గోడ వైపు తిరిగాడు. "తాహెరా, చాయ్ పెట్టు. పిలగానోళ్ళ అమ్మీఅబ్బాను ఎప్పుడు రమ్మందామో సోచాయించు."

"ఎప్పుడో పెట్టిన," అంది గోడ.