ఆరింటి తలనొప్పి

శనివారం ఉదయం నీంకె మెట్లు దిగి వచ్చేసరికి వంటింట్లో భోజనాల బల్ల పక్కకు జరిపి ఉంది. వీబ్రన్ చిన్న నిచ్చెన మీద నిలబడి, పైకప్పులో బిగించిన స్పాట్‌లైట్లలోంచి ఆఖరి హాలోజెన్ బల్బును గుడ్డతో పట్టుకుని తిప్పుతున్నాడు.

"చెయ్యి కాలుతుంది, కాసేపు ఆగొచ్చు కదా," అంది నీంకె తల్లి హెస్టర్ రొట్టె ముక్కలకు వెన్న రాస్తూ.

"ఇందాకటిదాకా వెలిగింది. దీని మీద గుడ్డు పగలగొట్టావంటే అట్టు అయిపోతుంది. ఇకనుంచి కరెంటు బిల్లు చూసి నువ్వు నిట్టూర్చక్కర్లేదు."

"నిట్టూర్చేది నువ్వు. నేను బిల్లు విప్పి చూస్తే కదా."

నీంకె నిచ్చెన చుట్టూ తిరిగి వెళ్లి, రొట్టె మీద చాక్లెట్ పలుకులు చల్లుకుంది. "బాగున్నవాటిని ఎందుకు తీస్తున్నారు?"

"రెండు మాడిపోయాయి. అలాంటివి ఇప్పుడు దుకాణంలో దొరకడం లేదు. ఈ ఎల్ఈడీలకు అందులో పదో వంతు కరెంటు చాలు. రంగు కూడా చూసి మరీ తెచ్చాను, ఆసుపత్రిలా తెల్లగా ఉండవు."

"అవి నాన్న..." అని ఆగిపోయింది. "నాకు హాకీకి టైమైంది." రొట్టె చేత్తో పట్టుకునే సైకిల్ తీసుకుని వెళ్లిపోయింది.

నీంకె తండ్రి రూలోఫ్ పోయి నాలుగేళ్లయింది. సిటీ బస్సు నడిపే వీబ్రన్ హెస్టర్‌కి తోడుగా ఈ ఇంటికి వచ్చింది ఈ వసంతంలోనే. మంచివాడు. గిన్నెలు తోముతాడు, సైకిల్ టైరుకు గాలి కొడతాడు, పద్నాలుగేళ్ల నీంకె గదిలోకి తలుపు కొట్టకుండా వెళ్లడు. ఆ పిల్ల మాత్రం అతన్ని "మీరు" అనేది. ఆ వీధిలో పిల్లలు బడిలో హెడ్మాస్టర్‌ని తప్ప ఇంకెవరినీ అలా పిలవరు. ఆ మాట విన్నప్పుడల్లా వీబ్రన్‌కి కోటు విప్పమని ఎవరూ చెప్పని చుట్టంలా అనిపించేది.

ఆరు గంటలైతే డెవెంటర్ ఊళ్లో ఆ వీధి వీధంతా భోజనానికి కూర్చుంటుంది. హెస్టర్ కూడా ఆరింటికి గోడ మీది మీట తిప్పి, బల్లకు పైన కప్పులోని దీపాలను సగానికి తగ్గించి, గిన్నెలు తెచ్చి పెట్టేది. ఎక్కువ వెలుతురులో తింటే క్యాంటీన్‌లో తిన్నట్టుంటుందని ఆమె నమ్మకం.

సోమవారం రాత్రి భోజనం మధ్యలో నీంకె ఫోర్కు కింద పెట్టేసింది. "తలనొప్పి. పైకి వెళ్తా." మంగళవారమూ అంతే. తర్వాతి వారమూ అంతే. హెస్టర్ పిల్లకి కళ్ల పరీక్ష చేయించింది, చూపు బాగానే ఉందన్నారు. ఇంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన పారాసెటమాల్ వేసుకుని రెండు వారాలు చూడమన్నాడు.

"కాలు విరిగినా ఆయన అదే చెప్తాడు," అంది నీంకె బయటికొస్తూ.

ఉదయం పూట ఏ నొప్పీ లేదు. అదే బల్ల దగ్గర కూర్చుని, అన్ని దీపాలూ పూర్తిగా వేసుకుని, కబుర్లు చెబుతూ తినేది. ఆ సమయానికి వీబ్రన్ బస్సు డ్యూటీలో ఉండేవాడు. వారాంతానికి, తను ఓమా అని పిలిచే నాన్నమ్మ దగ్గరికి జ్వోల్లె ఊరు వెళ్లింది. అక్కడా నొప్పి రాలేదు. ఆ ఆదివారం తిరిగొచ్చి తల్లికి చెప్పింది.

"నేను ఓమా దగ్గర ఉండి చదువుకుంటానమ్మా. వచ్చే ఆదివారం కారు తీసుకుని వస్తానంది, సామాన్లకి."

హెస్టర్‌కి ఉన్నది ఒక్కగానొక్క పిల్ల. ఆపితే తలనొప్పి, పంపితే ఇల్లు ఖాళీ.

బుధవారం సాయంత్రం కేల్ ఆకు వేసి మెదిపిన బంగాళాదుంపలూ, సాసేజీ వండింది. నీంకెకి ఇష్టమని. నాలుగు ముద్దలు తిన్నాక నీంకె కనుబొమల మధ్య వేళ్లు పెట్టుకుంది.

"మళ్లీనా?" అంది హెస్టర్. గొంతులో విసుగు ఆమెకే వినిపించింది. "నీంకె, నిజం చెప్పు. తలనొప్పేనా, ఇంకేమైనానా?"

"నేను అబద్ధం చెప్తున్నానా?"

"పొద్దున్న రాదు, ఓమా ఇంట్లో రాదు. ఈ బల్ల దగ్గర, ఈ టైముకే వస్తుంది. ఎవరికైనా ఏమనిపిస్తుంది?"

"ఏమనిపిస్తే అది అనుకోండి."

వీబ్రన్ గొంతు సవరించుకున్నాడు. "వదిలెయ్, హెస్టర్. పొద్దున్నకీ సాయంత్రానికీ తేడా ఏంటో నాకు తెలుసు. నేను." తన పళ్లెం తీసుకుని లేచాడు. "తనను ఇంట్లోంచి పంపడం ఎందుకు? ఇకనుంచి నేను పెరట్లో షెడ్‌లో తింటా. హీటర్ ఉంది, రేడియో ఉంది. బస్సు డిపోలో తినే తిండి కంటే నయమే."

"నేను అలా అనలేదు," అంది నీంకె.

"నువ్వు అనలేదమ్మా. నేనే అంటున్నా."

అతని గొంతులో కోపం లేదు. పెరటి తలుపు మెల్లగా మూసుకుంది.

మర్నాడూ షెడ్‌కే వెళ్లాడు. మిగతా ఇద్దరూ బల్లకు అటూ ఇటూ కూర్చున్నారు. బఠాణీ సూప్ తాగుతూ హెస్టర్ బడి గురించి అడిగింది, నీంకె చెప్పింది. వీబ్రన్ కుర్చీ వైపు ఇద్దరూ చూడలేదు. సూప్ సగం అయ్యేసరికి నీంకె స్పూను ఆపేసింది.

"అమ్మా, వస్తోంది."

"ఏమిటి?"

"తలనొప్పి. ఆయన లేరుగా. మరి ఎందుకొస్తోంది?"

చిరాకులో చేతిలో స్పూను గాలిలో అటూ ఇటూ ఊపింది. ఆగింది. మళ్లీ ఊపింది, ఈసారి దాన్నే చూస్తూ. కదిలే స్పూను ఒక్క గీతలా సాగాల్సింది పోయి, దువ్వెన పళ్లలా విడివిడిగా పది స్పూన్లు కనిపించాయి. లేచి వెళ్లి గోడ మీది మీటను చివరిదాకా తిప్పింది. వెలుగు నిండింది. ఊపితే గీత మామూలుగా సాగింది. మీట తగ్గించింది. మళ్లీ దువ్వెన.

"లైట్లు కొట్టుకుంటున్నాయి," అంది నీంకె. "తగ్గించినప్పుడే. కళ్లకి తెలీదు, తలకి తెలుస్తోంది."

హెస్టర్ స్పూను తీసుకుని తనూ ఊపింది. తర్వాత రెండు చేతులతో ముఖం కప్పుకుంది. "నిన్ను అబద్ధమాడుతున్నావన్నాను. ఆయన్ని షెడ్‌కి వెళ్లనిచ్చాను."

నీంకె చెప్పులైనా వేసుకోకుండా మేజోళ్లతోనే పెరట్లోకి పరిగెత్తింది.

వీబ్రన్ సైకిళ్ల మధ్య మడత కుర్చీలో కూర్చుని, ఒళ్లో గిన్నె పెట్టుకుని ఉన్నాడు. రేడియో పెట్టుకోలేదు. సూప్ ముట్టుకోలేదు.

"తలనొప్పి నీ వల్ల కాదు," అంది నీంకె గుమ్మంలోంచి. ఆ "నీ" ఆమె నోట మొదటిసారి వచ్చింది. ఇద్దరూ విననట్టే ఉన్నారు. "కొత్త బల్బుల వల్ల. మీట తగ్గిస్తే అవి వెలిగి ఆరుతున్నాయి, చాలా తొందరగా. స్పూను ఊపి చూడు కావాలంటే."

అతను స్పూను ఊపలేదు. తల దించుకున్నాడు. "డబ్బా మీద రాసి ఉంది. పాత మీటతో సరిగా పనిచేయకపోవచ్చు, దాన్నీ మార్చుకోమని."

"మరెందుకు మార్చలేదు?"

"అది మీ నాన్న బిగించాడట కదా. మీ అమ్మ చెప్పింది. బల్బులంటే మాడిపోతాయి, ఎవరో ఒకరు మార్చాలి. అది గోడలోది. దాన్ని ముట్టుకోవడానికి నాకు మనసొప్పలేదు. నీకు బాధనిపిస్తుందేమోనని..." ఆగాడు. "నువ్వు బాధపడకూడదని వదిలేసిందే నిన్ను బాధపెట్టింది."

నీంకె తలుపు చెక్కకు ఆనుకుంది. కళ్లల్లో నీళ్లు చేరుతున్నా నవ్వు వచ్చింది. "నాన్న అది వంకరగా పెట్టాడు. రెండుసార్లు షాక్ కొట్టింది. పక్కింటావిడకి కూడా వినపడేలా తిట్టాడు." ముక్కు చేత్తో తుడుచుకుంది. "నాన్నే ఉండుంటే ఎప్పుడో పీకి పారేసేవాడు. నాకు తలనొప్పి వస్తే ఊరుకునేవాడా?"

వీబ్రన్ గిన్నె పక్కన పెట్టి కళ్లద్దాలు తీశాడు. వాటిని చొక్కా అంచుతో చాలాసేపు తుడిచాడు.

"సూప్ చల్లారిపోయింది," అన్నాడు చివరికి.

"లోపల వేడిగా ఉంది. మేజోళ్లు తడిసిపోయాయి నాకు, తొందరగా రా."

శుక్రవారం ఇద్దరూ కలిసి దుకాణానికి వెళ్లి ఎల్ఈడీలకు సరిపడే మీట తెచ్చారు. శనివారం ఉదయం నీంకె మెట్ల కింది మీటర్ల అరలోకి దూరి కరెంటు ఆపింది.

"ఆపేశా."

"నిజంగా ఆపావా, మీ నాన్నలా నన్నూ ఎగిరిపడేలా చేస్తావా?"

"ముట్టుకుంటే తెలుస్తుందిగా."

అతను టెస్టర్ పెట్టి చూసుకునే విప్పాడు. హెస్టర్ టార్చి పట్టుకుంది. మీటర్ల అర దగ్గర నేల మీద కూర్చున్న నీంకె ఫోన్ తీసింది.

"ఓమా, నేను. రేపు వస్తున్నావు కదా? ఊఁ... లేదు, కారు వెనక సీట్లు మడవకు, సామాన్లేం లేవు. ఏం జరగలేదు, వచ్చాక చెప్తా. ఆరింటికి భోజనానికి రా. అవును, నలుగురం."