వదిన అక్వేరియం

"బావగారూ, ఇది అక్వేరియమా, మురిక్కాలవా?"

ఆదివారం పొద్దున్న కుదరక సాయంత్రం వచ్చి, అన్నయ్యవాళ్ళింటి తలుపు తీయగానే నాకు దక్కిన స్వాగతం అది. వదిన చెల్లెలు మోచేతుల దాకా తొట్టిలో చేతులు పెట్టి నిలబడి ఉంది.

నిండు నెలల మా వదినని డాక్టర్లు ఆస్పత్రిలోనే ఉంచేశారు. అన్నయ్యా అక్కడే. వదిన ప్రాణంలా చూసుకునే గాజుతొట్టి, అందులో మొక్కలు, చిట్టి చేపలు మా పాలబడ్డాయి. పొద్దున్న నేను, సాయంత్రం వదిన చెల్లెలు చూడాలని అన్నయ్య కుదిర్చిన ఒప్పందం. నేను లిఫ్టులు బాగుచేస్తాను. తను డ్రైవింగ్ నేర్పుతుంది. అన్నయ్య పెళ్ళిలో నేను కారు వెనక్కి తీస్తూ పూలకుండీని గుద్దితే, "మీరు పైకీ కిందికీ తిరగండి చాలు" అని నలుగురిలో నవ్వింది. అప్పట్నుంచీ మాటల్లేవు.

ఇప్పుడేమో ఆకులన్నిటికీ జుట్టు మొలిచినట్టు నాచు. అద్దం మీద పాచి. ఎంత గీకినా మర్నాటికి మళ్ళీ ప్రత్యక్షం.

"నన్నంటావేం? రోజూ మేత వేసి, మొక్కలకి బలం మందు పోసి మరీ వెళ్తున్నా!"

ఆమె చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి. "మందు మీరూ పోస్తున్నారా?"

"మీరూ అంటే?"

"రోజూ నేనూ పోస్తున్నాను. మేతా వేస్తున్నాను. లైటు మాత్రం పొద్దున్న మీరు ఆపుతారని వదిలేస్తున్నా."

"నేనొచ్చేసరికి వెలుగుతూనే ఉంటుంది. వదినే అలా పెట్టుకుందనుకున్నా."

ఇద్దరం కలిసి నాచుకి రెండు పూటలా విందు పెట్టాం. పైగా దీపం ఆర్పకుండా!

"ఒక్క ఫోన్ చేయొచ్చుగా?" అన్నాను.

"మీకు నోరు లేదా?"

ఆ పూటే పని మొదలుపెట్టాం. పాత టూత్‌బ్రష్‌ని తిప్పుతూ నాచుని చుట్టి లాగాను. పాడైన ఆకులు తను కత్తిరించింది. సగం నీళ్ళు తీసి, కొత్తవి పోయబోయాను.

"బ్రేక్! బ్రేక్! మొక్కలు లేచిపోతున్నాయి!"

"ఇది బకెట్టు తల్లీ, కారు కాదు!"

చివరికి గాలి పంపు పెట్టి, లైటు ఆపి, తొట్టికి దుప్పటి కప్పాం. వెలుతురు లేకపోతే నాచు నీరసిస్తుందట. నాలుగు రోజులు ముట్టుకోకూడదు. అంటే ఎవరూ రానక్కర్లేదు.

మర్నాడు సాయంత్రం వెళ్తే తనక్కడే ఉంది.

"దుప్పటి జారిందేమోనని," అంది.

"నేనూ అందుకే."

దాని ముందే కూర్చుని, ఎవరు ఎక్కువ మేత వేశారో తేలేదాకా పోట్లాడుకున్నాం. తేల్లేదు. ఆ మర్నాడూ తేల్లేదు. మూడో రోజు తను రాలేదు. ఒక్కణ్ణే దుప్పటిని చూస్తూ కూర్చున్నాను. చెప్పలేనంత ఒళ్ళుమంట.

దుప్పటి తీసే రోజు రాగానే అడిగాను. "నిన్నెక్కడ చచ్చావ్?"

"క్లాసుంది. మీకెందుకు?"

"నీతో వేగలేకపోతున్నా. నువ్వు రాకపోతే అసలు వేగలేకపోతున్నా. చాలా?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"ఇలాగేనా చెప్పడం? లిఫ్టు చెడిపోయిందని కంప్లైంట్ ఇచ్చినట్టు!"

"ఇంకోలా రాదు నాకు."

"నేర్పిస్తాలే. నువ్వు ముందు ఆ దుప్పటి తియ్యి."

'నువ్వు' అంది! దుప్పటి లాగాను. నాచు తెల్లబోయి రాలిపోతోంది. దాని మధ్య ఓ లేత ఆకు. చేపలు మా వైపే వచ్చాయి. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

అప్పుడే వదిన వీడియో కాల్. పాప పుట్టింది! అలసిన మొహంతో నవ్వుతోంది. ఒళ్ళో గుడ్డలో చుట్టిన ఎర్రటి బుల్లి ముఖం. ఇద్దరం ఒకేసారి అరిచాం.

"మెల్లగా, నిద్రపోతోంది. ఏదీ, నా చేపల్ని చూపించండి," అంది.

వదిన చెల్లెలు ఫోన్ని తొట్టి వైపు తిప్పింది.

వదిన చాలాసేపు చూసింది. "రాలే నాచు చూస్తేనే తెలుస్తోంది, లైటు ఆపలేదని. మొక్కలు తగ్గాయి. పర్లేదు, పెరుగుతాయి. అద్దం మాత్రం భలే తోమారు."

"అవునా వదినా?"

"మరే! పట్టుకున్న చేతులు కూడా కనబడుతున్నాయి అందులో."

చటుక్కున చెయ్యి లాక్కోబోయాను. ఆమె వదల్లేదు.

"ఇంట్లోవాళ్ళతో నేను మాట్లాడతాలే," అంది వదిన. "ముందు ఆ లైటు ఎవరు ఆపాలో తేల్చుకోండి."