కిరీటం వద్దన్న పెదనాన్న

శాంతిని పరుగెడుతోంది.

తంజోంగ్ పగార్ మెట్రో స్టేషన్ ఎస్కలేటర్ మీద, మనుషుల్ని తోసుకుంటూ... పైకి!

వెనక బూట్ల చప్పుడు.

సెంగ్‌కాంగ్‌లో రైలెక్కినప్పటి నుంచీ వెంటపడుతున్నాడు వాడు. ఓబయ్య. తువాస్ ఫ్యాక్టరీల పేటలో తమ కంపెనీ లారీ డ్రైవరు. చనిపోయిన భర్త హరిదాస్‌కి కుడి భుజం. ఇప్పుడు ఎవరి మనిషో తెలీదు.

బయట చీకటి. వాన.

చెవిలో ఫోను. అవతల గీతాంజలి. శాంతిని ఫ్లాట్‌లో ఓ గది అద్దెకు తీసుకుని యూనివర్సిటీలో పాతకాలపు రాజుల మీద రీసెర్చ్ చేస్తున్న పిల్ల. ఊపిరి తీసుకోకుండా రాజకుమారుడు ఓల్డ్రిక్ కథే చెబుతోంది.

ఎనిమిది వందల ఏళ్ల కిందటి మనిషి. పెద్దకొడుకై ఉండీ కిరీటం తమ్ముడికి ఇచ్చేసి చర్చిలో చేరాడు. ఆర్చిబిషప్ అయ్యాడు.

ఆ కథ శాంతినికి కంఠతా వచ్చు. బావగారు ఫాదర్ రాజామణి ప్రతి ప్రసంగంలో చెప్పేది అదే. ఆయన కూడా కంపెనీని తమ్ముడు హరిదాస్‌కి వదిలేసి ఫాదర్ల అంగీ తొడుక్కున్నవాడే. వాటా వద్దన్న మనిషి. అందుకే ఇంటిల్లిపాదీ కళ్లు మూసుకుని నమ్మేది ఆయన్నే.

ఇప్పుడు కంపెనీ హరిదాస్ ఒక్కగానొక్క కొడుకు జోషువాది. ఏడేళ్ల పిల్లాడు.

వాణ్ని ఈ సాయంత్రం తన చేతులతో తీసుకెళ్లి బావగారి దగ్గర దింపి వచ్చింది! వెంటనే వెళ్లి తెచ్చుకోమని గీతాంజలి తొందరపెడితేనే మళ్లీ అక్కడికి బయల్దేరింది.

“ఆయన సగం కథే చెప్తాడక్కా,” అంది గీతాంజలి. “తమ్ముడు పోయాక అతని కొడుకుని నేను పెంచుతానని తీసుకున్నాడు ఓల్డ్రిక్. చర్చి గేటు లోపలికి వెళ్లిన పిల్లాడు మళ్లీ ఎవరికీ కనపడలేదు. తర్వాత అంగీ విప్పేసి కిరీటం పెట్టుకున్నాడు.”

“పాత కథలు చెప్పి నన్నెందుకు భయపెడతావే?”

“చర్చి ఆఫీసుకి ఫోన్ చేశా. మీ బావగారు పోయిన నెలలోనే ఫాదర్‌గా మానేశారట.”

శాంతిని వానలోకి ఉరికింది.

చర్చికి రంగులు వేస్తున్నారమ్మా, కొన్నాళ్లు ఇక్కడ అద్దె ఫ్లాట్‌లో ఉంటా అన్నాడు బావగారు. నమ్మింది!

బావగారుండే బిల్డింగ్. లిఫ్ట్. తలుపులు మూసుకుంటున్నాయి... సందులోంచి ఓబయ్య ముఖం. ఏదో అరుస్తున్నాడు. వినపడలేదు.

పదకొండో అంతస్తు.

ఫ్లాట్ ఇనుప గ్రిల్ తలుపుకి తాళం లేదు. తోసింది.

బావగారు. అంగీ లేదు. పూల చొక్కా. మెడలో సిలువ కూడా లేదు.

టేబుల్ దగ్గర జోషువా. ముందు పొగలు కక్కుతున్న మైలో, చాక్లెట్ పాల గ్లాసు.

“తాగావా?”

“టూ హాట్ లా, అమ్మా. నాన్నకి కూడా పెదనాన్నే చేసి ఇచ్చాడట... హాస్పిటల్‌కి వెళ్లిన రోజు.”

గుండెపోటు అన్నారు అప్పుడు డాక్టర్లు.

శాంతిని గ్లాసు ఎత్తింది. వేళ్లు కాలుతున్నాయి. వదల్లేదు.

“ముందు మీరు తాగండి, బావగారూ.”

రాజామణి నవ్వాడు. ప్రసంగాల్లో నవ్వే నవ్వే.

“నాకు షుగరమ్మా.”

వెనక దభీమని శబ్దం. ఓబయ్య! లోపలికొచ్చి గడియ పెట్టాడు.

అయిపోయింది. ఇద్దరూ ఒకటే. శాంతిని కొడుకుని వీపు వెనక్కి లాక్కుంది.

కానీ ఓబయ్య ఆమె వైపు చూడలేదు.

“ఆ పొద్దు మా హరిదాస్ అయ్యకి గ్లాసు అందిచ్చింది నేనే, సామీ. నువ్వు కలిపిస్తివి, నేను తీస్కపోతి. ఈయమ్మకి చెబుదామని వస్తాంటే నన్ను చూసి ఉరుకుతాండాది.” ఓ అడుగు ముందుకేశాడు. “తాగు.”

రాజామణి శాంతిని చేతిలోని గ్లాసు మీదికి చెయ్యి విసిరాడు.

గ్లాసు నేలకి తగిలి పగిలింది! ఆ వెంటే పక్కనున్న మాప్ బకెట్‌ని తన్నాడు. మైలో అంతా సబ్బునీళ్లలో కొట్టుకుపోయింది.

“ఇప్పుడేం చూపిస్తారు పోలీసులకి?” తాపీగా అడిగాడు. “మొగుడు పోయి మతి చెడిన ఆడదాని మాటా? లారీ డ్రైవర్ మాటా?”



వెనక నుంచి చిన్న చెయ్యి ఆమె చున్నీ లాగింది.

“అమ్మా... కిచెన్ ఫ్లాస్క్‌లో మైలో స్టిల్ గాట్ లా, ఇంకా ఉంది.”

రాజామణి గిర్రున తిరిగాడు.

ఓబయ్య అప్పటికే వంటగది గుమ్మంలో ఉన్నాడు.