గడియారం వైపు తిరిగిన పువ్వు

"ఆ పెట్టి ఇంటికి రాకముందే సెప్తన్నాను అన్నయ్యగారూ. దానివల్ల మాకు మంచి జరగదు."

శుక్రవారం ఉదయం 7.05. పాలప్యాకెట్ పట్టుకుని వస్తున్న సన్యాసిరాజుని గేటు దగ్గర ఆపి రత్నమణి అన్న మాట అది.

సన్యాసిరాజు రిటైర్డ్ ఏఎస్సై. ముప్పై నాలుగేళ్లు క్రైమ్ డ్యూటీ చేసి, ఇప్పుడు ఉక్కునగరం సెక్టార్ సిక్స్‌లో కొడుకు క్వార్టర్లో ఉంటున్నాడు. రత్నమణిది ఎదురు క్వార్టరు. భర్త యేసుదానానికి స్టీల్ ప్లాంటులో షిఫ్ట్ డ్యూటీ. ఆయన బండి చప్పుడు అయిదు నిమిషాలు ఆలస్యమైతే ఆమె రోడ్డు మీదికొచ్చి నిలబడుతుంది. కుక్కర్ కూత ఆగితే గ్యాస్ పేలుతుందంటుంది. అందుకని రాజు ఆ భయాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఏ పెట్టె అని మాత్రం అడిగాడు.

చిన్న కూతురు స్టెఫీ తెప్పించుకునే పెట్టె. స్టెఫీ సిటీలో ల్యాబ్ టెక్నీషియన్. ఏడాదిగా నెలనెలా ఆమెకో అట్టపెట్టె వస్తోంది. పెందుర్తిలో శ్రీసత్య అనే అమ్మాయి ఇంట్లోంచే నడుపుకునే చిన్న వ్యాపారం. దాని పేరు 'నెలపెట్టె'. అందులో ఒక లక్కబొమ్మ, చేత్తో చేసిన సబ్బు, అద్దకం రుమాలు, ఒక లేసు పువ్వు. మిషను ముట్టినది ఒక్కటీ ఉండదు. పెట్టె వచ్చిన సాయంత్రం స్టెఫీ గది తలుపేసుకుని ఒక్కొక్కటే విప్పుకుని మురిసిపోతుంది. తల్లి మాత్రం ఏడాదిలో ఒక్కసారైనా అందులోకి తొంగిచూడలేదు.

"నాను సూడను. సూత్తే నా కడుపు మండిపోద్ది."

ఈసారి మంట మరీ ఎక్కువ. ఆదివారం తొమ్మిదింటికి పెద్దకూతురు కేథరిన్ బిడ్డకి బాప్తిస్మం. అక్క కూతురికి గిఫ్టుగా స్టెఫీ ఆ శ్రీసత్యకే లేసు గౌను ఆర్డరిచ్చింది. కూతుళ్లిద్దరి బాప్తిస్మం గౌన్లూ ఒకప్పుడు రత్నమణి తన చేత్తో అల్లినవే. అమ్మమ్మ బతికుండగా ఊరూపేరూ తెలీనిదాని చేతి గౌనేమిటని గొడవపడింది. మానేసిందానివి నువ్వే కదా అంది స్టెఫీ. అప్పట్నించి తల్లీకూతుళ్ల మధ్య మాటల్లేవు. ఇవాళ్టికి పందొమ్మిది రోజులు.

అదే రోజు సాయంత్రం 6.40కి స్టెఫీ వచ్చి రాజు తలుపు కొట్టింది. పెట్టె వచ్చింది. గౌను లేదు.

రాజు కళ్లజోడు పెట్టుకుని వెళ్లాడు.

ముందుగదిలో బల్ల మీద పెట్టె. సబ్బు ఉంది. బొమ్మ ఉంది. రుమాలు ఉంది. పువ్వు ఉంది. గౌను చుట్టిన టిష్యూ పేపరు ఖాళీ. కానీ దాని మడత నలగలేదు. తీసినవాళ్లవి ఓపికైన వేళ్లు. లేసుని నలపకుండా పట్టుకోవడం తెలిసిన వేళ్లు.

పెట్టెని తిప్పి చూశాడు. అడుగున టేపు ఒక పొర. పైన రెండు పొరలు. ఎవరో విప్పి మళ్లీ అతికించారు.

టైమ్‌లైన్ రాసుకున్నాడు. 3.40కి కొరియర్ వచ్చాడు. ఇంటికి తాళం. పక్క క్వార్టర్ మంగాయమ్మ సంతకం పెట్టి తీసుకుంది. రత్నమణి చర్చి శుభ్రం చేసే ఆడవాళ్లతో వెళ్లి 5.10కి తిరిగొచ్చింది. మంగాయమ్మ పెట్టె ఇచ్చింది. 6.20కి స్టెఫీ వచ్చి విప్పింది.

అంటే పెట్టె ఇద్దరి దగ్గరే ఒంటరిగా ఉంది. పక్కింటామె దగ్గర గంటన్నర. తల్లి దగ్గర గంటా పది నిమిషాలు.

రత్నమణి టీ పోసింది. గ్లాసుని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుని అందించింది. రాజు అందుకున్నాడు.

"పెట్టె విప్పావా చెల్లెమ్మా?"

"నేదు."

"చూడాలనిపించలేదా?"

"అనిపించింది. అందుకే దాని మీద పాత సీర కప్పేసి, వంటింట్లోకి ఎలిపోనాను."

"రోజూ రెండింటి నుంచి నాలుగింటి దాకా తాళమేసి ఎక్కడికెళ్తావు?"

రత్నమణి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాజు నోట్‌బుక్‌లో ఆ టైము కింద గీత గీశాడు.

స్టెఫీ అదంతా గుమ్మంలోంచి వింది. రాజు బయటికొచ్చాక నెమ్మదిగా చెప్పింది. గౌను తీసింది అమ్మేనని తేలితే, ఆదివారం చర్చి నుంచి వచ్చి బట్టలు సర్దుకుంటుంది. సిటీలో హాస్టల్ చూసుకుంది. మళ్లీ ఈ గుమ్మం తొక్కదు.

"అమ్మే అని నీకు నమ్మకమా?"

"ఇంకెవరికి అంత కుళ్లు బాబాయ్‌గారూ?"

7.30కి పక్క క్వార్టరు. మంగాయమ్మది నరసాపురం. కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, అడక్కముందే మొదలుపెట్టింది. పెట్టెని బల్ల మీద ఎలా పెట్టిందో అలాగే ఇచ్చేసిందట. విప్పే అలవాటు తనకి లేదట.

"మనం అనకూడదు గానండి, ఆ పెట్టంటే రత్నమణి గారికి ఎంత మంటో కాలనీ మొత్తానికి తెలుసండి."

గోడవార బుట్టలో తెల్లదారం ఉండలు. లేసు పని వచ్చా అని రాజు అడిగాడు. నరసాపురంలో పుట్టి లేసు రానివాళ్లెవరని నవ్వింది. చూపించమన్నాడు. ముచ్చటపడి సూది అందుకుని నాలుగు నిమిషాల్లో చిన్న పువ్వు అల్లి చేతిలో పెట్టింది. రాజు దాన్ని మనవరాలికని చెప్పి జేబులో వేసుకున్నాడు.

శనివారం 9.30. స్టెఫీ ల్యాబ్‌కి సెలవు పెట్టింది. రాజు పాత పెట్టెల్లో వచ్చిన లేసు పువ్వులు చూస్తానన్నాడు. ఆమె బీరువా తాళం తీసి బిస్కెట్ల డబ్బా తెచ్చింది. పదకొండు నెలల పదకొండు పువ్వులు. ఒక్కొక్కటీ అరచేతిలో పెట్టుకుని చూపిస్తుంటే ఆ పిల్ల గొంతే మారిపోయింది. పెట్టెలో అన్నిటికన్నా ఆమెకి ఇష్టమైనవి ఇవేనట. ఎవరు అల్లుతారో తెలీదు. శ్రీసత్య 'లేసు ఆంటీ' అంటుందంతే. ప్రతి పెట్టెలో ఒక కార్డు ఉంటుంది. 'చేసిన చేతికి నాలుగు మాటలు' అని అచ్చు వేసి ఉంటుంది. కొన్నవాళ్లు రాసి పంపితే శ్రీసత్య చేసినవాళ్లకి ఇస్తుంది. స్టెఫీ పదకొండు కార్డులు రాసింది. ఒక్కదానికీ జవాబు రాలేదు.

గోడ అవతల వంటింట్లో గిన్నె ఒకటి గట్టిగా చప్పుడైంది.

రాజు పువ్వుల్ని వరసగా పేర్చాడు. జేబులోంచి మంగాయమ్మ అల్లిన పువ్వు తీసి పక్కన పెట్టాడు. చాలాసేపు చూశాడు. మంచినీళ్లు తాగే వంకతో వంటింట్లోకి వెళ్లాడు. బిందె మీద పాత లేసు గుడ్డ కప్పి ఉంది. ఒకప్పుడు ముందుగదిలో టీవీ మీద ఉండేదని రత్నమణి చెప్పింది. రెండేళ్ల కిందట స్నేహితురాళ్లు వచ్చిన రోజు స్టెఫీ దాన్ని లాగేసి, ఇల్లు మ్యూజియంలా ఉంది, ఈ గుడ్డలన్నీ తీసెయ్యమందట. అప్పట్నించి ఈ ఇంట్లో ఎవరూ లేసు సూది పట్టలేదు.

10.15కి శ్రీసత్యకి ఫోన్ చేశాడు. లేసు ఆంటీ ఎవరని అడిగితే చెప్పలేదు. పేరు బయటపెట్టొద్దని ఆమె మాట తీసుకుందట. పెందుర్తిలో చెల్లెలింటికి వచ్చినప్పుడు సరుకు ఇచ్చి వెళ్తుందట. సాయంత్రం 5.45కి ఒకసారి ఉక్కునగరం రమ్మన్నాడు. గౌను పోయిందని తెలిసి అప్పటికే ఆ పిల్ల ఏడుస్తోంది. వస్తానంది.

శనివారం 5.30. రత్నమణి ముందుగది. స్టెఫీ కిటికీ దగ్గర. రత్నమణి గుమ్మం దగ్గర పీట మీద. సాక్ష్యం చెప్పాలని పిలిస్తే మంగాయమ్మ ఉతికిన చీర కట్టుకొచ్చి కుర్చీలో కూర్చుంది.

"ముందు ఈ పువ్వులు చూడండి." రాజు బిస్కెట్ల డబ్బా మూత తీశాడు. "ఈ పదకొండూ ఒక్క చేతివే. రెక్కలెటు ఒంగాయి పాపా?"

స్టెఫీ ఒంగి చూసింది. "కుడివైపుకి. గడియారం ముల్లు తిరిగే వైపుకి."

"ఇది మంగాయమ్మగారు నా ఎదుట అల్లింది. ఇదెటు?"

"దీనికి ఎదురు."

"కుడిచేత్తో అల్లితే పువ్వు అలా తిరుగుతాది. ఎడంచేత్తో అల్లితే గడియారం వైపు తిరుగుతాది." బిందె మీది గుడ్డ తెచ్చి బల్ల మీద పరిచాడు. దాని పువ్వులూ గడియారం వైపే తిరిగాయి. "ఇదెవరు అల్లారు?"

ఆ గుడ్డ ఎవరిదో ఆ గదిలో అందరికీ తెలుసు.

"నిన్న చెల్లెమ్మ టీ పోసింది ఎడంచేత్తో. గ్లాసు కుడిచేతిలోకి మార్చుకుని ఇచ్చింది. ఎడంచేత్తో ఇస్తే మర్యాద కాదని. ఇచ్చిన చెయ్యే అందరం చూస్తాం. పోసిన చెయ్యి ఎవలూ చూడరు. నానూ ఇవాళ పొద్దున్నే చూశాను, ఈ పువ్వులు పక్కపక్కన పెట్టాక."

రత్నమణి తలొంచుకుంది. చిన్నప్పుడు లేసు నేర్పిన పాస్టరమ్మగారు ఆ ఎడంచేతి మీద స్కేలుతో కొట్టేవారు. అయినా మారలేదు.

"రెండింటి నుంచి నాలుగింటి దాకా ఎక్కడికెళ్తావో ఇప్పుడైనా చెప్పు చెల్లెమ్మా."

చెప్పింది. మంగాయమ్మగారింటికే. కళ్లు పాడైపోతాయని యేసుదానం తిడతాడు, కూతురికి ఆ గుడ్డలంటే నామోషీ. చేతులు ఊరుకోవు. అందుకని అక్కడ కూర్చుని అల్లుతోంది. పువ్వులన్నీ హైదరాబాద్ ఎగ్జిబిషన్‌కి పంపుతానని మంగాయమ్మ చెప్పింది. పోయిన నెల ఒక బాప్తిస్మం గౌను కూడా అల్లింది. విజయవాడలో ఎవరి మనవరాలికో అంది.

"ఎంత అదృష్టవంతురాలో ఆ అమ్మమ్మ, అనుకున్నాను. నా మనవరాలికి కొనుక్కొచ్చిన గౌను, దాని మనవరాలికి నాను అల్లిన గౌను. కుట్టుకుట్టుకీ దాన్ని సూసి ఏడుసుకుంటూనే అల్లినాను."

స్టెఫీ కిటికీ ఊచ పట్టుకుంది.

"ఇక లెక్క తేలిక," అన్నాడు రాజు. "చెల్లెమ్మ ఆ పెట్టె విప్పుంటే తన గౌను తను గుర్తుపట్టును. గుర్తుపట్టి ఊరుకునే మనిషి కాదు. వీధంతా పిలుచును. అంటే విప్పలేదు. గౌను దాచింది, ఆదివారం చర్చిలో ఆ బిడ్డ ఒంటి మీద ఈమె దాన్ని చూస్తాదని భయపడినవాళ్లు. శుక్రవారం 3.40కి పెట్టె మీద స్టెఫీ పేరు, గౌను అన్న చీటీ చూసేదాకా, అది పక్కింటి పసిదానికని వాళ్లకీ గట్టిగా తెలీదు."

మంగాయమ్మ లేచింది. పొయ్యి మీద పాలున్నాయంది.

అప్పుడే గేటు చప్పుడైంది. శ్రీసత్య హెల్మెట్ తీస్తూ లోపలికొచ్చింది. గది అంతా చూసింది. మంగాయమ్మ దగ్గర చూపు ఆగింది.

"లేసు ఆంటీ, మీరేంటి ఇక్కడ?"

మంగాయమ్మ మళ్లీ కూర్చుంది. ఎంతసేపటికీ తలెత్తలేదు. తర్వాత లేచి ఇంటికి వెళ్లింది. వెనకే వెళ్లబోయిన స్టెఫీని రాజు చేత్తో ఆపాడు. పారిపోయే నడక కాదది.

ఆరు నిమిషాలకి తిరిగొచ్చింది. ఒక చేతిలో తెల్లటి గౌను, పాలిథిన్ కవర్లో పెట్టి, నలగకుండా. రెండో చేతిలో కార్డుల కట్ట. పదకొండు.

నువ్వెందుకిలా చేశావని రత్నమణి అడగలేదు. అడిగింది రాజు.

"నాకూ లేసు వచ్చండి. అందరికీ వచ్చినంతే వచ్చు. ఈవిడ చెయ్యి వేరు." కార్డులు బల్ల మీద పెట్టింది. "మొదట్లో పేరు కోసం నావేనని చెప్పానండి. తర్వాత ఇవి రావడం మొదలైంది. మా ఇంట్లో నాకు అన్నం బాగుందని చెప్పే నాథుడు లేడు. ఎవరో కూతురు, మీ చెయ్యి ముద్దుపెట్టుకోవాలనుంది ఆంటీ అని రాస్తుంది. పక్కింటి పిల్లే అని తెలుసు. ఎవరికి చేరాలో కూడా తెలుసు. ఇవ్వలేకపోయానండి. నాకే వచ్చినట్టు చదువుకునేదాన్ని."

కేసు పెడతారా అని శ్రీసత్య వైపు చూశాడు రాజు. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. మంగాయమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లిపోయింది.

రత్నమణి గౌను ముట్టుకోలేదు. కార్డులు తీసుకుంది. ఆమెది అయిదో తరగతి చదువు. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. ఒకటి. రెండు. నాలుగో కార్డు దగ్గర ఆగి, అక్కడే మళ్లీ చదివింది. మా అమ్మ కూడా అల్లేది ఆంటీ, నేనొక మాట అన్నాను, మానేసింది. తొమ్మిదో కార్డులోనూ అదే. వాళ్లు చూస్తుండగానే మొహం ఎర్రబడింది. ఏడాదిగా ఏ ఆడదాన్ని తలుచుకుని కుళ్లిపోయిందో ఆ ఆడదాని పేరు మీద వచ్చిన ఉత్తరాలవి.

చివరి కార్డు రాజు ఉన్నచోటికే కనిపిస్తోంది. ఒకే వాక్యం.

'మా అమ్మ చేత మళ్లీ లేసు సూది పట్టించాలంటే ఏం చెయ్యాలి ఆంటీ? ఈసారైనా జవాబు రాయరూ?'

రత్నమణి ఆ కార్డుని ఒళ్లో పెట్టుకుంది. బయట ప్లాంటు బస్సు ఆగి వెళ్లిన చప్పుడు వినిపించింది. శ్రీసత్య హెల్మెట్‌ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. స్టెఫీ కిటికీ వదిలి వచ్చి, పీట పక్కన నేల మీద కూర్చుంది. గోడ మీద గడియారం 6.20 చూపిస్తోంది.

రత్నమణి ఎడంచెయ్యి చాచింది. ఈసారి మార్చుకోలేదు. ఆ చేత్తోనే కూతురి చెంప తుడిచింది.

"నన్నడిగితే సాలును గదే."