తారాబాయి పుస్తెకు పసుపు

“దసరా పొద్దున పది గంటలకు విమానం లేస్తుంది. లేస్తే కంపెనీ బతుకుతుంది. కూలితే తొమ్మిది వందల ఇళ్లలో పొయ్యి ఆరిపోతుంది,” అన్నాడు తుకారాం.

ఫాక్‌లాండ్ రోడ్‌లో తుకారాం గడియారాల దుకాణం చూసినవాళ్లెవరూ అది గూఢచారి శాఖ బొంబాయి ఆఫీసు అనుకోరు. ఎదురుగా నిలబడ్డ ఏజెంట్ నారాయణ చిన్నప్పుడు ఆ అరుగు మీదే గోళీలాడినవాడు. తాత ఈ నగరానికి రాళ్లు మోసిన కామాటి, తండ్రి తాపీ మేస్త్రీ. కొడుకు ఢిల్లీలో గుమాస్తా అని కామాటిపుర గల్లీ అంతా నమ్మింది. నమ్మనివ్వండి, నష్టమేముంది.

సంగతి ఇది. విహంగ విమానాల కంపెనీ మునిగిపోతోంది. రెండేళ్లుగా జీతాలు సరిగా రావడం లేదు. మంత్రి కళ్లముందు కొత్త విమానం ఒక్కసారి ఎగిరి దిగితే, సర్కారు సాయం మీద సంతకం పడుతుంది. అది గిట్టనిది కోల్మార్ అనే విదేశీ కంపెనీ. అదీ ఒకప్పుడు మునిగిందే. దాని సర్కారు దాన్ని రెండుసార్లు గట్టెక్కించింది. విహంగ మూతపడితే మనం వాళ్ల విమానాలే కొనాలి. మునిగి తేలినవాడికి ఇంకొకడు తేలితే ఎందుకంత కడుపుమంటో.

“వాళ్ల మనిషి దసరా రోజు విమానం ఉండే హ్యాంగర్‌లోకి వస్తాడు. ఎవరో తెలియదు. కోల్మార్‌లో ఉన్న మన డబుల్ ఏజెంట్ నెల రోజులుగా అబద్ధాలు పంపుతోంది.”

“ఎవరా ఏజెంట్?”

తుకారాం కంటి భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. “మీ అక్క.”

అక్క తారాబాయి అంటే కామాటిపురలో ఆమె ఉండే చాల్‌లో, ఆ మూడంతస్తుల గదుల లోగిలిలో, తెలియనివాళ్లు లేరు. నరీమన్ పాయింట్‌లో కోల్మార్ ఆఫీసు టైపిస్టు. నల్లద్దాలు, పెదవులకు రంగు, మెట్ల మీద టకటకలాడే చెప్పులు. మొగుడు దుర్గయ్య విహంగలో మెకానిక్. నిరుడు షెడ్డు తగలబడినప్పుడు పోయాడు. శవం దొరకలేదు, కాలిన పనిముట్ల పెట్టె ఇచ్చారు. ముండమోసిన మనిషికి ఆ సోకులేమిటని నల్లా దగ్గర మూతులు తిప్పినవాళ్లు చాలామంది.

సద్దుల బతుకమ్మనాడు నారాయణ తాపీ మేస్త్రీ వేషంలో, ముఖానికి తువ్వాలు చుట్టుకుని, చాల్ మూడో అంతస్తులో పెచ్చులూడిన గోడకు సిమెంటు పూస్తూ కూర్చున్నాడు. తాపీ పిడిలో చిన్న కెమెరా. కింద ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు. బొంబాయిలో తంగేడు ఎక్కడిది? పాలమూరు కూలీలు బస్సులో తెచ్చిన గునుగు, దాదర్ బంతిపూలు, అంతే. పూలను నీళ్ల హౌజులో వదిలాక, పసుపు గౌరమ్మను చిదిపి ముత్తయిదువలు పుస్తెలకు అద్దుకున్నారు. విధవలు గోడవారకు జరిగారు. తారాబాయీ జరిగింది.

రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్దల కోసం అందరూ మూగినప్పుడు ఆమె వంగింది. చిటికెడు పసుపు తీసుకుని గోడకేసి తిరిగింది. రవికలో దాచిన నల్లపూసలు పైకి లాగి, పుస్తెకు అద్ది, కళ్లకు ఒత్తుకుంది.

కెమెరా క్లిక్‌మంది. బావ బతికే ఉన్నాడు. రెండు దేశాల కళ్లు కప్పిన మనిషి, మొగుడు బతికుండగా గౌరమ్మ ముందు పుస్తె పొడిగా ఉంచుకోలేకపోయింది.

ఆ రాత్రి వేషం తీసేసి గదికి వెళితే, ఆమె తమ్ముడికి మలీద పెట్టింది.

“అక్కా, బావ ఏడున్నడు?”

“ముందు తిను.”

తిన్నాక చెప్పింది. జీతం లేని నెలల్లో కోల్మార్‌వాళ్లు దుర్గయ్యను మెల్లగా తమవైపు లాక్కున్నారట. షెడ్డు తగలబెట్టి అతన్ని చచ్చినవాడిగా చేసి దాచారట. నోరు విప్పితే నిజంగానే చంపుతామన్నారట. “నేల మీదనే ఇంజన్ కరాబైతదంతే, అప్పటికి లోపట మనుషులుండరన్నరు తమ్మీ.”

“బాలయ్య ఉంటడక్కా, మన కింది గది బాలయ్య, విహంగల జేస్తడు గదా. ఇంకా పదకొండు మంది.”

తారాబాయి గోడకు చేరగిలబడింది. పథకమంతా చెప్పింది. ఆయుధ పూజకు తెచ్చే బూడిద గుమ్మడికాయలో బాంబు, పది కాకముందే పేలేది. తెచ్చేది గడ్డం పెట్టుకుని పూజారి వేషంలో దుర్గయ్య. దిష్టి తీసి పగలగొట్టాల్సిన కాయను విమానంలోనే ఉంచి వెళ్తాడు.

“మీ బావను పానంతోని తీస్కరా. నీకు దండం బెడ్త.”

నారాయణ ఆమె అరచేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టాడు. ఏ ఏజెంటూ చేయకూడని పని అది. ఆ ఒట్టు కోసమే తుకారాంకు ఏమీ చెప్పలేదు. చెబితే పోలీసులు చూసిన చోటే కాల్చేస్తారు.

దసరా పొద్దున రంగులు వేసేవాడి వేషంలో నారాయణ హ్యాంగర్‌లోకి దూరాడు. మూడు వందల మంది జనం, బంతిదండలు, అగరొత్తుల పొగ. గడ్డాల పూజారులే నలుగురు. తొమ్మిదీ యాభై నాలుగు. నిచ్చెన ఎక్కి గొంతు చించుకుని పిలిచాడు.

“బావా!”

ఒక్క గడ్డం తిరిగింది. పేరు మార్చుకోవచ్చు, ముఖం మార్చుకోవచ్చు. బామ్మర్ది పిలుపుకు తిరగకుండా ఉండటం దుర్గయ్యకు ఎవరూ నేర్పలేదు.

నారాయణ దూకి దగ్గరకు పరుగెత్తాడు. “బావా, లోపట బాలయ్యున్నడు.”

“ఎవలుండరని జెప్పిన్రు గదా,” అన్నాడు దుర్గయ్య. గడియారం చూసుకున్నాడు. విమానం మెట్లెక్కాడు. అప్పటికే లోపల పెట్టిన కాయను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లో పొదివిపట్టుకుని దిగి, మైదానం చివరి బురద కాలువ వైపు పరుగు తీశాడు. నారాయణ వెంటపడ్డాడు.

దుర్గయ్య వెనక్కి చూడకుండానే అన్నాడు. “నువ్వు రాకు. మీ అక్కకు ఒక్కడన్న మిగలాలె.”

నారాయణ కాళ్లు ఆగిపోయాయి.

పేలుడు వినబడగానే మంత్రి చప్పట్లు కొట్టాడు, పూజకు టపాకాయలనుకున్నాడు. పది గంటలకు విమానం లేచింది. చక్కగా ఎగిరింది, చక్కగా దిగింది. సంతకం పడింది. బొంబాయి ఆఫీసు నడిపే కోల్మార్ దొరలిద్దరినీ ఆ సాయంత్రమే వాళ్ల దేశం విమానం ఎక్కించారు.

నారాయణ గల్లీకి వచ్చేసరికి తారాబాయి నల్లా దగ్గర బిందె పట్టుకుని ఉంది. అతని పక్కన ఎవరూ లేరని చూసింది. బిందె దించి, పుస్తె బయటికి తీసి, పసుపు పోయేదాకా నీళ్ల కింద రుద్దింది. వెనక వరుసలో, ఒకప్పుడు ఆమె సోకులకు మూతి తిప్పిన రాజవ్వ తన వంతు వచ్చినా కదలకుండా నిలబడింది.

మర్నాడు తుకారాం ఫైలు మూశాడు. తొమ్మిది వందల ఇళ్లు నిలబడ్డాయని రాశాడు. దుర్గయ్య మరణం, భార్య పెన్షన్ నిరుడే నమోదై ఉన్నాయి కాబట్టి, ఆ కాగితంలో ఒక్క అక్షరం కూడా దిద్దాల్సిన పని పడలేదు.