హుక్కుకు తగిలించిన గాలి

నన్నెవరైనా డాక్టర్ సాబ్ అని పిలిస్తే కాదనను. ఎదుటి మనిషి ప్రేమగా ఒక మాట అన్నాక దాన్ని సరిదిద్దడం నాకు అహంకారంగా తోస్తుంది. వినయం కొద్దీ ఊరుకుంటాను. ఆ వినయం పెరిగి పెరిగి, ఇప్పుడు దోహాలో అల్ దోహా అల్ జదీదా అనే పేటలో కొన్ని ఇళ్లకు నేను డాక్టర్ గంగాప్రసాద్‌ని.

చదివింది పదో తరగతి. అదీ రెండో విడతలో గట్టెక్కింది. ఖతార్‌కు ఏసీ మెకానిక్‌గా వచ్చి, ఏళ్ల తరబడి ఫిల్టర్లు కడిగి, గాలి సంగతి తెలిసినవాణ్ణని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాను. మా అమ్మ ముత్తవ్వ ఊళ్లో "మావోడు దుబాయ్‌ల గాలి కంపెనీల చేస్తడు" అని చెప్పుకుంటుంది. నేను చెప్పుకునే దానికన్నా ఆమె మాటే నిజానికి దగ్గర.

ఇప్పటి పని ఇది. పిల్లలకు కాన్సర్ రావడంలో గాలికి ఏమైనా వాటా ఉందా అని పెద్ద డాక్టర్లు పరిశోధన చేస్తున్నారు. జబ్బున్న పిల్లలు కొందరు, లేని పిల్లలు కొందరు. వాళ్లు ఏ గాలి పీలుస్తున్నారో కొలిచి పోల్చాలి. రోడ్డు మీద మిషన్ పెడితే రోడ్డు గాలి తెలుస్తుంది గానీ పిల్ల పీల్చేది తెలియదు. అందుకని పిల్ల భుజానికే చిన్న సంచీ తగిలిస్తాం. లోపల పంపు. దాని గొట్టం మెడ పక్కనుంచి వచ్చి ముక్కుకు దగ్గరగా కాలరుకు క్లిప్పుతో ఆగుతుంది. గొట్టం కొసన మూత బిగించిన డబ్బీలో తెల్లటి ఫిల్టరు. పిల్ల ఎటు పోతే సంచీ అటు పోవాలి, రెండు రోజులు. పడుకుంటే పక్కన. పిల్లలకు సంచీ తగిలించి, తర్వాత తీసుకొచ్చి మా సూపర్‌వైజర్ దానియేలుకు ఇవ్వడం నా డ్యూటీ. నా చేతిలో ఒక్క కొలత కూడా పాడవలేదని కంపెనీలో పేరు. ఆ పేరు పెట్టింది కూడా నేనే అనుకోండి.

జహనారాకు ఏడేళ్లు. బ్లడ్ కాన్సర్. జుట్టంతా పోయి ఊలు టోపీ పెట్టుకునేది. పాత ఇంటిని చెక్కలతో అరలు చేసిన గదుల్లో ఒక దాంట్లో ఉండేవాళ్లు: తండ్రి ఖయ్యూమ్, తల్లి యాస్మీన్, జహనారా, ఇంకా మాటలు సరిగ్గా రాని చెల్లి. నిజామాబాద్ వాళ్లు. నేను సంచీ తగిలిస్తుంటే యాస్మీన్ కిటికీ చూపించింది.

"చూడన్నా, కంపెనీ బస్సులు. ఇంజను బంద్ చెయ్యరు. పొగంతా మా మీదికే. పెద్దదానికి అయ్యిందేదో అయ్యింది. చిన్నది గూడ ఈడ్నే పండుకుంటది. గాలి ఖరాబున్నదంటే ఖయ్యూమ్ రూం మారుస్తడు. నా మాటైతే వినడు. నువ్వు ఒక్క మాట చెప్పు."

ఫలితం మేం చెప్పకూడదు, ల్యాబ్ చెప్పాలి. మా ట్రెయినింగులో మొదటి పాఠం అది. ఆ పాఠం నడిచేటప్పుడు నేను చాయ్‌కి పోయినట్టున్నాను.

"నేను చెప్తా గద చెల్లె," అన్నాను.

పంపు గుర్రుమంది. జహనారా నవ్వింది. "పిల్లి ఉన్నదా అంకుల్ దీన్ల?"

"ఉన్నది. నేనొచ్చి తీసేదాక నువ్వు తియ్యొద్దు. తీస్తే పిల్లి పారిపోతది."

గట్టిగా తలూపింది. టోపీ కళ్ల మీదికి జారింది.

మళ్లీ వెళ్లేసరికి గదికి తాళం. పిల్లకు జ్వరమొచ్చి ఆస్పత్రిలో చేర్చారు. పక్క గది ఆమె సంచీ తెచ్చిచ్చింది. "ఆస్పత్రికి పోయేటప్పుడు గూడ తియ్యనియ్యలే. డాక్టరంకులే తియ్యాలె అని ఒకటే ఏడుపు. ఆఖరుకు వాళ్లమ్మనే గుంజి తీసింది," అంది. సంచీ తెరిచి చూస్తే పంపు ఎప్పుడో ఆగిపోయింది. సంచీ తగిలించడానికి ముందు రోజు బ్యాటరీని నేనే ప్లగ్గులో పెట్టాను. గోడ స్విచ్ మాత్రం వెయ్యలేదు.

పాడైందని దానియేలుకు చెబితే సరిపోయేది. తిట్టి, ఇంకో తేదీ ఇచ్చేవాడు. నా పేరు ఏమైపోవాలి?

కొత్త ఫిల్టరు పెట్టి, బ్యాటరీ నిండా ఛార్జ్ చేసి, సంచీని ఇండస్ట్రియల్ ఏరియాలో నా గదిలో, చొక్కాలు తగిలించే హుక్కుకు వేలాడదీశాను. బయట ఎంత దుమ్మున్నా నా గది ఏసీ ఫిల్టరు నేనే కడుగుతాను. మా లేబర్ క్యాంప్‌లో అంత శుభ్రమైన గాలి ఇంకెక్కడా లేదు. ఆ గాలికి జహనారా పేరు పెట్టాను.

అది గుర్రుమంటూ ఉండగానే ఆస్పత్రినుంచి యాస్మీన్ ఫోన్ చేసింది.

"గాలి ఎట్లున్నదన్నా? ఇంకో రూం చూసిన. అడ్వాన్స్ ఇయ్యాల్నా వద్దా?"

తెలియదు అనొచ్చు. అనలేదు.

"మంచిగనే ఉన్నది చెల్లె. రంది పడకు."

"అల్లా నిన్ను సల్లగ సూడాలె," అని పెట్టేసింది. వాళ్లు రూం మారలేదు.

మర్నాడు పొద్దున జహనారా పోయింది. మెసైమీర్ ఖబ్రస్తాన్‌లో మట్టి చేశారు. నేను వెనకాల నిలబడ్డాను. ఖయ్యూమ్ నా చెయ్యి పట్టుకుని, "మా బిడ్డ కోసం మస్తు తిరిగినవ్ డాక్టర్ సాబ్," అన్నాడు. అప్పుడు కూడా కాదనలేదు. ఇంటికొచ్చేసరికి హుక్కు మీద పంపు గుర్రుమంటూనే ఉంది. ఆ గాలిని మళ్లీ ఎవరూ కొలవలేరు, ఎవరూ పట్టుకోలేరు అన్న ఆలోచన వచ్చింది. అలాంటి ఆలోచన వచ్చినందుకు ఈ పూటకీ అన్నం ముద్ద దిగదు.

దానియేలుకు ఇచ్చాను. భీమవరం మనిషి, నెమ్మదస్తుడు. డబ్బీ పక్కన పెట్టి, బ్యాటరీ విప్పి ఛార్జింగ్‌లో పెట్టి, పంపును కంప్యూటర్‌కు తగిలించాడు. పంపు లోపల కదలికలు పసిగట్టే బిళ్ల ఒకటుంటుందట. పిల్ల దాన్ని నిజంగా వేసుకుందా, ఏ మూలో పారేసిందా అని చూడటానికి. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. హుక్కుకు వేలాడిన సంచీ కదలదు, కంప్యూటర్లో గీత చదునుగా వస్తుంది. దొరికిపోతాను.

"భలే పిల్లండీ ఈ పాప!" అన్నాడు దానియేలు. "ఇదిగో, మెట్లు దిగింది. ఇక్కడ పడుకుంది. ఊపిరికి సంచీ ఎలా కదిలిందో చూడండి. మళ్లీ లేచింది. తిరుగుతానే ఉందండీ... చిన్న గదేమో, ఆ గోడ నుంచి ఈ గోడకి. ఎవరి కోసమైనా ఎదురుచూస్తున్నట్టు."

హుక్కు మీద.

నేను నవ్వినట్టున్నాను. ఖాళీ పంపును సంచీలో వేసుకుని కంపెనీ బండిలో బయటపడ్డాను.

మధ్యాహ్నమే, కానీ గాలిదుమారం లేచింది. ఆకాశం ఇటుక రంగుకు తిరిగింది. ముందు వెళ్లే ట్రక్కు లైట్లు మసకబారి, కాసేపటికి అవీ కనబడలేదు. బండి రోడ్డు పక్కకు తీసి ఆపాను. ఇసుక అద్దాలను గోకుతోంది. లోపలికి సన్నగా దుమ్ము వాసన... దాని వెనకే ఇంకో వాసన. ఆస్పత్రిలో చేతులకు రాసుకునే మందుది. దానికి తోడు డీజిలు పొగ.

ఇంజను ఆపాను. పొగ వాసన పోలేదు.

పక్క సీటు మీద సంచీ గుర్రుమంది.

బ్యాటరీ దానియేలు బల్ల మీద ఉంది. నా కళ్లముందే విప్పాడు.

గుర్ర్... ఆగింది. గుర్ర్... ఆగింది. పంపు అలా ఆగి ఆగి నడవదు. ఊపిరి అలా ఉంటుంది.

అప్పుడే బండి టింగ్ టింగ్‌మని మోగడం మొదలైంది. పక్క సీట్లో మనిషి కూర్చుని బెల్టు పెట్టుకోకపోతే మోగే గంట. సంచీ బరువుకు అది ఎప్పుడూ మోగలేదు.

గొట్టం మెల్లగా పైకి లేచింది. కూర్చున్న పిల్ల మెడ ఎత్తుకు వచ్చి... ఆగింది. అక్కడ కాలరు లేదు. ఏమీ లేదు. క్లిప్పు టక్కుమని మూసుకుంది.

"డాక్టరంకుల్..."

నేను ముందుకే చూస్తున్నాను.

"ఇగ తియ్యొచ్చా?"

"తియ్యి... తియ్యి బిడ్డా," అన్నాను.

"నువ్వే తియ్యాలె గద... పిల్లి పారిపోతది..."

చెయ్యి చాచాను. ఇది మాత్రం నమ్మండి, చాచాను. పట్టీ వేళ్లకు తగిలింది. పట్టీ కింద చిన్న భుజం ఎముక తగిలింది. వెచ్చగా ఉంది. జ్వరంతో ఉన్న పిల్లలు ఉన్నట్టు వెచ్చగా.

తలుపు తోసుకుని పరుగెత్తాను. ఇంత వయసొచ్చి, ఏడేళ్ల పిల్ల భుజం నుంచి ఒక సంచీ తియ్యలేక ఇసుకలో పడి పరుగెత్తాను. ఒక చెప్పు ఎక్కడో ఊడిపోయింది. వెనక గంట మాత్రం చాలాసేపు మోగుతూనే ఉంది.

దుమారం తగ్గి, గంట ఆగాక బండెక్కి యాస్మీన్ దగ్గరికే పోయాను. గాలి కొలవలేదని, హుక్కుకు తగిలించానని, మంచిగుందన్నది అబద్ధమని, నేను డాక్టర్ని కానని చెప్పాను. బండిలో జరిగింది చెప్పలేదు. ఆమె తిడుతుందనుకున్నాను. ఇసుక పట్టిన నా ఒంటికాలి చెప్పు వంక చాలాసేపు చూసింది.

"ఆ రూం వేరేటోళ్లు తీస్కున్నరు," అంది. "ఇంకోటి దొరికేదాక చిన్నది ఈడ్నే పండుకోవాలె. దీనికన్న పెట్టు. ఈసారి సక్కగ పెట్టు."

దానియేలుకు ఫోన్ చేసి అంతా ఒప్పుకున్నాను. పాత కొలత కొట్టేస్తానని, చెల్లెలికి కొత్తది మొదలుపెట్టమని, ఆ తర్వాత నా సంగతి చూస్తానని అన్నాడు. కొత్త పంపు తెచ్చాను. బ్యాటరీ రెండుసార్లు చూశాను. పాప కాలరుకు క్లిప్పు పెట్టాను. ఎంతసేపు వేసుకోవాలో తల్లికి చెప్పాను. పాపకు ఏమీ చెప్పలేదు. పాత పంపును కంపెనీ స్టోర్‌లో బీరువాలో పెట్టి, తాళంచెవి దానియేలు చేతికే ఇచ్చాను.

రాత్రి ఇషా అజాన్ అయ్యాక ఫోన్ మోగింది. యాస్మీన్. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది.

"అన్నా, చిన్నది పండుకున్నది. సంచీ పక్కనే పెట్టిన."

"మంచిది చెల్లె."

"నువ్వు పెట్టింది ఒక్కటే గద?"

"ఒక్కటే."

"మరి రెండు చప్పుళ్లు వస్తున్నయేంది? ఒకటి పక్కన పెట్టిన సంచీలకెల్లి. ఇంకోటి... మంచం కిందికెల్లి వస్తున్నట్టున్నది."

ఫోన్లోంచి నాకూ వినబడుతోంది. ఒకటి ఆగకుండా నడుస్తోంది. ఇంకోటి ఆగి ఆగి.

"పక్క రూం ఏసీ అయ్యుంటది చెల్లె," అన్నాను. "నాకెరుకే. ఆ చప్పుడు అట్లనే ఉంటది."

"అట్లనా," అంది. నమ్మింది.

తెలియదు అన్న మాట నేనింకా నేర్చుకోలేదు.