లలితకుమారి కాళ్ళు చెప్పిన దరువు

శుక్రవారం, సెలవు. దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో, ఒక విల్లా మేడ మీద వాటాలో లలితకుమారి ఉప్మాకు పోపు వేస్తోంది. మూకుట్లో ఆవాలు చిటపటలాడుతుంటే నేల మీద ఆవిడ మడమలూ చిటపటలాడుతున్నాయి. నాలుగు నెలలుగా ఇదే వరస.

ఆవిడ మొగుడు వేణుగోపాలరావు ఖతార్ వచ్చి తొమ్మిదేళ్ళు. ఇంజనీరని కంపెనీ ఖాతరు చేస్తుంది. మృదంగ విద్వాంసుడని దోహా తెలుగువాళ్ళు ఖాతరు చేస్తారు. ఇన్ని ఖాతర్ల మధ్య పెళ్ళాన్ని ఖాతరు చేసే తీరిక ఆయనకు చిక్కలేదు. ఆయన వాయిస్తే పక్కన కూర్చుని తాళం వెయ్యాలి, ఆయనతో బయల్దేరితే ఇంటికి తాళం వెయ్యాలి. ఇరవై రెండేళ్ళుగా లలితకుమారి ఉద్యోగం ఇదే.

ఫోన్ మోగింది. సాయంత్రం తెలుగువాళ్ళ సభకు మైకులు పెట్టే నిసార్ అహ్మద్. ఫోన్ పెట్టేసరికి రావుగారి మొహం ఉప్మా కన్నా ముందే మాడింది.

"ఏవిటే ఇది? 'మేడమ్ ఆఫ్రికా డాన్సుకు ఎన్ని మైకులు సార్' అంటాడేవిటి వాడు?"

"డోళ్ళకి రెండు చాలండి. కాళ్ళకి మైకక్కర్లేదు."

"కింది వాటా మరియామా దగ్గర వంటలు నేర్చుకుంటున్నావనుకున్నానే!"

"కిందికి వెళ్తున్నానని ప్రతిసారీ చెప్పాను. ఎందుకని మీరు ఒక్కసారీ అడగలేదు."

మరియామాది గినీ దేశం. సెలవురోజు పొద్దున్నే నలుగురు ఆడవాళ్ళకు తన ఊరి డోలూ ఆటా నేర్పుతుంది.

పదహారేళ్ళ కూతురు ప్రతిమ ప్లేటుతో వచ్చింది. "నాన్నా, అసలు అమ్మ ఆడుతుంటే చూశావా?"

"నలభై మూడేళ్ళ మనిషి సభలో గెంతితే నా పరువేం కాను?"

"గెంతేది నేను కదండీ. ఆయాసం మీ పరువుకెందుకు?"

"నా కచేరీకి తాళం ఎవరు వేస్తారు? నీ పేరు తీయించెయ్యి!"

లలితకుమారి స్టవ్ కట్టేసింది. గొంతు పెంచలేదు. "తీయించను. ముందు కిందికి రండి. అక్కడ మీకూ ఒక డోలుంది. వాయించాక మాట్లాడదాం."

డోలు అనగానే రావుగారి కోపం డోలాయమానమైంది. లుంగీ మార్చుకుని దిగాడు, నేర్చుకోవడానికి కాదు, నేర్పడానికి.

మరియామా నవ్వి ఒక జెంబే ఇచ్చింది. పైన విచ్చుకుని నడుము సన్నబడి, మేకతోలు బిగించిన డోలు. తనొకటి ముందు పెట్టుకుంది. "యల్లా!" అంది, కానివ్వమని. లలితకుమారీ మిగతా ఆడవాళ్ళూ అడుగు కలిపారు.

రావుగారి వేళ్ళకు కొత్త తోలు పట్టుబడడానికి రెండు నిమిషాలు పట్టింది. తల ఎగరేసి, పైకప్పు చూస్తూ, ముచ్చటగా మూడుసార్లు తిప్పి బ్రహ్మాండమైన ముక్తాయింపు ఇచ్చాడు. అడుగులన్నీ టక్కున ఆగిపోయాయి. మెచ్చుకుంటున్నారనుకుని మళ్ళీ ఇచ్చాడు. మళ్ళీ ఆగారు. మూడోసారీ అంతే.

"ఆగుతారేం?"

"నువ్వే ఆగమని కొట్టావు!" అంది మరియామా తన ముక్కల ఇంగ్లీషులో.

లలితకుమారి చెమట తుడుచుకుంది. "ఇక్కడ అలా విరిచి కొడితే ఆగమనో, అడుగు మార్చమనో సంజ్ఞండీ. అది ఎప్పుడు కొట్టాలో ఆడేవాళ్ళ కాళ్ళు చూసి తెలుసుకోవాలి. పైకప్పు ఆడదు కదా."

గదిలో అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. తలదించి ఆవిడ కాళ్ళు చూశాడు. డోలు మీద ఆయన చేతులు మెల్లగా కదిలాయి, ఆట మళ్ళీ మొదలైంది.

ఆ కాళ్ళు నేలను అడిగి తీసుకోవడం లేదు, లాక్కుంటున్నాయి. మోకాలు వంగినప్పుడల్లా భుజాలు తెరుచుకుంటున్నాయి. ఇంత బలం ఈ మనిషిలో ఎక్కడుందో, ఎన్నేళ్ళుగా ఉందో ఆయనకు తెలియదు. దరువు తప్పింది.

"లలితా..." అన్నాడు, ఆ కాళ్ళ మీంచి చూపు తిప్పకుండానే. "నాకెవరూ చెప్పలేదే."

"చెప్పేదేముందండీ? చూడ్డమే." ఆవిడ కళ్ళు తడిశాయి. కానీ కాళ్ళు ఆగలేదు.

రావుగారు కళ్ళజోడు తీసి చొక్కాతో తుడిచి పెట్టుకున్నాడు. "సాయంత్రం నా కచేరీ మానేస్తా. నీకు ఇదే వాయిస్తా. మీ గురువుగారు ఒప్పుకుంటేనే."

మరియామా ఒక వేలు చూపించింది. "ఒక్క షరతు. నీ ఆ మూడుసార్లు వద్దు."

"అలాగే తల్లీ. మరి ఎప్పుడు ఆపాలి?"

"నేను చాలన్నప్పుడు," అంది లలితకుమారి, పెద్ద అడుగు వేస్తూ. "ఇవ్వాళ మాత్రం ఇప్పట్లో అనను."